లాభం, రెండు, మూడు: చాట్ స్క్రిప్టులో లెక్క పెరిగే తీరు

ఉద్యోగస్తుల ఇళ్లలో ఇంక్రిమెంట్ అంటే ఏడాదికోసారి జీతానికి కలిసే మొత్తం. ప్రోగ్రాములు రాసేవాళ్ల దగ్గర ఆ మాట ఇంకా చిన్న పనికి వాడుక: ఒక పేరు కింద దాచిన అంకెకు ఒకటి కలపడం. ఎంఐఆర్‌సీ అనే చాట్ ప్రోగ్రాములో ఈ పనికి ‘ఇంక్’ అన్న ఆదేశం ఉంది. ఒక్క మాట, పక్కన ఒక పేరు. అంతకంటే తేలికైన ఆదేశం ఆ భాషలో లేదనే చెప్పాలి. అయినా చాట్ స్క్రిప్టులు తప్పు లెక్కలు చెప్పిన చోట తరచి చూస్తే, చాలాసార్లు చిక్కు ఈ ఒక్క మాట చుట్టూనే కనిపిస్తుంది. కలపడంలో పొరపాటు జరగదు. ఎప్పుడు కలిపారు, ఎవరి పేరున కలిపారు, ఎప్పుడు చెరిపారు అన్న దగ్గర జరుగుతుంది.

ఐఆర్‌సీ అనే చాట్ పద్ధతిని 1988 ఆగస్టులో ఫిన్లండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ తయారుచేశాడు. అందులో మాట్లాడుకునే గదిని ఛానెల్ అంటారు, మనిషి పెట్టుకునే పేరును నిక్ అంటారు. విండోస్ కంప్యూటర్ల మీద ఈ గదుల్లోకి వెళ్లడానికి ఖాలిద్ మర్దమ్ బే రాసిన ఎంఐఆర్‌సీ 1995లో బయటికొచ్చింది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందిందీ ఆ ఏడాదే. వీఎస్ఎన్ఎల్ ఆగస్టు 15న ఆ సేవ మొదలుపెట్టింది. ఎంఐఆర్‌సీలో ఉత్త మాటలతో ఆగకుండా, ఫలానాది జరిగితే ఫలానా పని చెయ్యి అని ముందే రాసిపెట్టుకోవచ్చు. ఎవరైనా గదిలోకి వస్తే పలకరించడం, బూతులు మాట్లాడితే గెంటెయ్యడం, క్విజ్ నడపడం అన్నీ అలా రాసినవే. ఆ రాతనే స్క్రిప్టు అంటారు. ఇలా రాసే అలవాటు చాలామందిని తెలియకుండానే ప్రోగ్రామర్లను చేసింది.

స్క్రిప్టుకు జ్ఞాపకం వేరియబుల్. లెక్కల పుస్తకాల్లో దీన్నే చరరాశి అంటారు. దీన్ని చీటీ అంటించిన గడి అనుకుందాం: చీటీ మీది పేరు ఒకటి, గడిలో ఉన్న విలువ ఇంకొకటి. ఈ రెంటికీ తేడా చూపడానికి జంషెడ్‌పూర్ చరిత్ర బాగా పనికొస్తుంది. 2000 నవంబరు 14 దాకా ఆ ఊరు బీహార్‌లో ఉంది. తెల్లవారేసరికి జార్ఖండ్‌లో ఉంది. ఊరు కదల్లేదు, ‘రాష్ట్రం’ అనే గడిలో పాత విలువ పోయి కొత్త విలువ వచ్చి కూర్చుంది. స్క్రిప్టులో ఈ పని చేసేది ‘సెట్’. 1919లో జరిగింది వేరే సంగతి. అప్పటిదాకా సాక్చిగా పిలిచిన చోటుకు జంషెడ్‌జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. ఇక్కడ మారింది గడి మీది చీటీ. విలువ మారడం స్క్రిప్టుకు రోజూ ఉండే పని. పేరు మారితే మాత్రం అది గుర్తుపట్టలేదు. ఈ తేడా కాసేపట్లో మళ్లీ అవసరపడుతుంది.

ఎంఐఆర్‌సీలో వేరియబుల్ పేరు శాతం గుర్తుతో మొదలవుతుంది. అసలు ఆదేశాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఇక్కడ వాటిని పలికే తీరులో తెలుగులో రాస్తే ‘సెట్ %లెక్క 10’ అన్నది గడిలో 10 పెడుతుంది. ‘ఇంక్ %లెక్క’ దాన్ని 11 చేస్తుంది. ‘ఇంక్ %లెక్క 5’ అంటే ఒకేసారి 5 కలుస్తుంది. ‘డెక్’ తీసివేస్తుంది, ‘అన్‌సెట్’ గడినే చెరిపేస్తుంది. అసలు లేని గడి మీద ఇంక్ ప్రయోగించినా ఎంఐఆర్‌సీ కేకలు పెట్టదు. సున్నా ఉందనుకుని ఒకటి కలిపి, గడిని తానే పుట్టిస్తుంది.

కళ్లంలో ధాన్యం కొలిచే రైతులు ఒకటి అనరు. మొదటి కుంచానికి ‘లాభం’ అంటారు, ఆ తర్వాత రెండు, మూడు. ముందు సున్నా అని ఎవరూ అనరు, కుంచం నిండాకే నోరు తెరుస్తారు. ఇంక్ లెక్క కూడా అంతే. సంఘటన జరిగాకే అంకె పుడుతుంది. దీంతో ఒక చిన్న ఇబ్బంది ఉంది. ఇంకా ఎవరూ రాని గదిలో ‘ఇప్పటిదాకా ఎంతమంది వచ్చారు’ అని అడిగితే స్క్రిప్టు సున్నా అని చెప్పదు, ఆ చోట ఖాళీ వదిలేస్తుంది. సున్నా కావాలంటే ముందుగా సెట్ చేసి పెట్టుకోవాల్సిందే.

ఇదే పనిని ‘%లెక్క = %లెక్క + 1’ అని కూడా రాయవచ్చు. బళ్లో లెక్కలు నేర్చుకున్న కంటికి ఇది అబద్ధంలా కనిపిస్తుంది, ఏ సంఖ్యా తనకంటే ఒకటి ఎక్కువ కాదు గదా. ఇక్కడ ఆ గుర్తు సమానత్వాన్ని చెప్పడం లేదు. కుడివైపు లెక్క తేల్చి, వచ్చినదాన్ని ఎడమవైపు గడిలో వెయ్యమని ఆజ్ఞ ఇస్తోంది. గుర్తులకు అటూ ఇటూ ఖాళీ వదలకుండా కలిపి రాస్తే ఎంఐఆర్‌సీకి అర్థం కాదు. ఈ ఖాళీల పట్టింపు ఆ భాషలో మొదటినుంచీ ఉన్నదే, కొత్తవాళ్లను ఏడిపించేదీ అదే. పైగా ఈ పద్ధతిలో ఒక వరసకు ఒకే లెక్క చేస్తుంది. రెండు మూడు గుర్తులు వస్తే ‘క్యాల్క్’ అనే సాధనాన్ని పిలవాలి. ఒకటి కలపడానికి ఇంత తతంగం ఎందుకని ఎక్కువమంది ఇంక్‌తోనే సరిపెట్టుకుంటారు.

ఇక ఒక క్విజ్ ఊహించుకుందాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారం పనికి వెళ్లి తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో చాలా ఉన్నాయి. బిష్టూపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది. ఆ ఊరివాళ్లు కలుసుకునే ఛానెల్ ఒకటి ఉందనీ, అందులో ముగ్గురు సాక్చి, కదమా, సోనారీ అని తమ పేటల పేర్లనే నిక్‌లుగా పెట్టుకున్నారనీ అనుకుందాం. స్క్రిప్టు ప్రశ్న వేస్తుంది: జంషెడ్‌పూర్ దగ్గర సువర్ణరేఖలో కలిసే నది ఏది? ఖర్కాయ్ అని సాక్చి ముందు రాస్తే సాక్చికి ఒక మార్కు.

‘ఇంక్ %మార్కు’ అని రాస్తే సరిపోదు. గడి ఒక్కటే ఉంటే ముగ్గురి మార్కులూ అందులోనే పడతాయి. మనిషికో గడి కావాలి. ఎంతమంది వస్తారో ముందు తెలియదు కాబట్టి గడుల పేర్లు అప్పటికప్పుడు తయారవ్వాలి. మాట్లాడిన మనిషి పేరును స్క్రిప్టు ‘$నిక్’ అనే గుర్తు ద్వారా తెలుసుకుంటుంది. ‘%మార్కు.’ అన్న ముక్కకు ఆ పేరు అతికిస్తే %మార్కు.సాక్చి, %మార్కు.కదమా అని వేరువేరు గడులు పుడతాయి. అతికించడానికి డాలరు గుర్తు, ప్లస్ గుర్తు జంటగా రాస్తారు. గడిలో ఒకటి కలిపేటప్పుడు ఈ అతుకు చాలు. అదే గడిలో ఎంతుందో చదివి గదిలో ప్రకటించాలంటే చాలదు. ముందు పేరు తయారుచెయ్యి, తర్వాత ఆ పేరుగల గడిని తెరువు అని వరస చెప్పడానికి చదరపు బ్రాకెట్లు ఒకదానిలో ఒకటి పెట్టాలి. పెట్టడానికి ఒక పద్ధతి, చూడడానికి మరో పద్ధతి కావడం ఈ భాషలో అందంలేని మూల. అందరూ పక్కవాళ్ల స్క్రిప్టు నుంచి ఆ బ్రాకెట్లను నకలు తీసుకోవడమే తప్ప, మొదటిసారే అర్థం చేసుకుని రాసినవాళ్లు తక్కువ.

ఆట ఇక్కడే రెండో చిక్కులో పడుతుంది. సరైన జవాబు కనిపిస్తే ఒకటి కలుపు అని మాత్రమే రాసి ఉంటే, సాక్చి ‘ఖర్కాయ్’ అని వరసగా పదిసార్లు కొట్టి పది మార్కులు పట్టుకుపోతాడు. కాబట్టి కలపడానికి ముందు ఒక కాపలా కావాలి. ప్రశ్న తెరిచి ఉందా లేదా చెప్పే ఇంకో గడి పెట్టి, మొదటి సరైన జవాబు రాగానే దాన్ని మూసెయ్యాలి. ముందు మూసి, తర్వాత మార్కు కలిపి, ఆ తర్వాత ప్రకటించడం మంచి వరస. ప్రకటన ముందు పెట్టి మార్కు తర్వాత కలిపితే గదిలో ఎప్పుడూ ఒకటి తక్కువే కనిపిస్తుంది.

మరో సంగతి చాలామంది గమనించరు. ఛానెల్లో ఎవరైనా ఏదైనా రాసినప్పుడు పనిచేసే ‘ఆన్ టెక్స్ట్’ అన్న మీట, స్క్రిప్టు నడిపే మనిషి తానే రాసినదానికి పనిచెయ్యదు. తన రాతలకు ‘ఆన్ ఇన్‌పుట్’ అని వేరే మీట ఉంది. అందుకే క్విజ్ పెట్టినవాడు తానూ ఆడదామనుకుంటే ఎంత సరిగ్గా చెప్పినా మార్కు పడదు. గదిలోకి రాకను పట్టుకునే ‘ఆన్ జాయిన్’ దీనికి తిరకాసు. అది యజమాని రాకను కూడా లెక్కేస్తుంది. తనను వదిలెయ్యమని చెప్పాలంటే ఆశ్చర్యార్థకం గుర్తు చేర్చాలి.

ఇప్పుడు పేరు మారే సంగతి. ఐఆర్‌సీలో నిక్ మార్చుకోవడానికి క్షణం చాలు. సాక్చి అన్న మనిషి జంషెడ్‌పూర్ అని పేరు మార్చుకుంటే, అతని 12 మార్కులు %మార్కు.సాక్చి గడిలోనే ఉండిపోతాయి. కొత్త పేరుతో మళ్లీ ‘లాభం’ నుంచి మొదలు. ఈలోగా ఇంకెవరో సాక్చి అన్న నిక్ తీసుకుంటే ఆ 12 మార్కులకు వాళ్లు వారసులవుతారు. దీనికి రెండు మందులున్నాయి. నిక్ మారినప్పుడల్లా పాత గడిలోది కొత్త గడిలోకి పోసి పాతదాన్ని చెరిపెయ్యడం ఒకటి. అసలు నిక్‌ను నమ్మకుండా, ఆ మనిషి ఏ కంప్యూటర్ నుంచి వచ్చాడో చెప్పే చిరునామా మీద గడి కట్టడం రెండోది. ఒకే సైబర్ కేఫ్‌లో కూర్చున్న ఇద్దరిని ఆ రెండో పద్ధతి ఒక్కరిగా చూడవచ్చు. పూర్తిగా నయంచేసే మందు లేదు.

ఒకటి కలపడం మార్కులకంటే ఎక్కువగా పనికొచ్చింది గొడవ ఆపడానికి. వరసబెట్టి వాక్యాలు గుమ్మరించి గదిని ముంచెయ్యడాన్ని ఫ్లడ్ అంటారు. పట్టుకునే తీరు ఇది: మనిషి రాసిన ప్రతి వరసకూ అతని గడిలో ఒకటి కలపాలి, పది సెకన్లలో అయిదు దాటితే గెంటెయ్యాలి. పది సెకన్లు కాగానే గడి దానంతటదే చెరిగిపోవడానికి ఇంక్ ఆదేశానికి ‘-యు10’ అన్న స్విచ్ తగిలిస్తారు. చూడ్డానికి చక్కగా ఉంటుంది. లోపం ఎక్కడుందంటే, ఆ స్విచ్‌తో ఇంక్ చేసిన ప్రతిసారీ పది సెకన్ల గడువు మళ్లీ మొదటికొస్తుంది. తొమ్మిది సెకన్లకో వాక్యం చొప్పున తాపీగా మాట్లాడే పెద్దమనిషి గడి ఎప్పటికీ చెరగదు. ఆరో వాక్యానికి స్క్రిప్టు ఆయన్ను గెంటేస్తుంది. పాపం, ఆయన ఫ్లడ్ చేసింది లేదు. నిజానికి ఆ స్క్రిప్టు లెక్కిస్తున్నది పది సెకన్లలోని వాక్యాలను కాదు, పది సెకన్ల మౌనం లేకుండా సాగిన వాక్యాలను.

సరిచెయ్యడానికి తేలిక దారి డెక్. వాక్యం రాగానే ఒకటి కలిపి, అప్పుడే ఒక టైమర్ పెట్టి, పది సెకన్ల తర్వాత ఆ ఒకటి తీసెయ్యమంటారు. ప్రతి వాక్యమూ తన ఒకటిని తెచ్చుకుంటుంది, గడువు తీరగానే తానే పట్టుకుపోతుంది. ఏ క్షణంలో చూసినా గడిలో ఉన్నది గత పది సెకన్ల లెక్కే. బ్యాంకు జమాఖర్చు తెలిసినవాళ్లకు ఇందులో వింత ఏమీ కనిపించదు.

కొన్ని లెక్కలు పెరుగుతూ పోవు, తిరిగి మొదటికి వస్తాయి. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే వచ్చింది. ఎనిమిది గంటలంటే రోజుకు మూడు షిఫ్టులు: ఏ, బీ, సీ, మళ్లీ ఏ. ఇప్పుడు ఏ షిఫ్టు నడుస్తోందో చెప్పే స్క్రిప్టులో ఎనిమిది గంటలకోసారి ఇంక్ చేస్తే 1, 2, 3 తర్వాత 4 వస్తుంది, మూడు షిఫ్టుల లెక్కలో నాలుగోది లేదు. 3 దాటితే 1కి సెట్ చెయ్యమని షరతు పెట్టవచ్చు. లేదా శేషం వాడవచ్చు: ఉన్న అంకెను 3తో భాగించగా మిగిలినదానికి 1 కలిపితే 1 నుంచి 2, 2 నుంచి 3, 3 నుంచి తిరిగి 1 వస్తాయి. ఎంఐఆర్‌సీలో శేషానికి గుర్తు కూడా శాతమే. వేరియబుల్ పేరుకు ముందు శాతం, శేషానికీ శాతం. రెండూ ఒకే వరసలో పడితే ఖాళీ ఎక్కడుందన్న దాన్నిబట్టే అర్థం తేలుతుంది.

అక్షరాలను పెంచాల్సిన సందర్భాలూ ఉంటాయి. ఆ కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేసులకు ఇంగ్లీషు అక్షరాల వరసలో పేర్లు. 2008లో హెచ్, 2012లో ఐ వచ్చాయి. హెచ్ తర్వాత ఐ అని మనిషికి చెప్పనక్కరలేదు. ఇంక్‌కు అక్షరం ఇస్తే మాత్రం పని జరగదు, దానికి అంకెలే తెలుసు. అక్షరాన్ని ముందు దాని కోడ్ అంకెగా మార్చాలి. హెచ్ కోడ్ 72, ఒకటి కలిపితే 73, దాన్ని మళ్లీ అక్షరంగా మారిస్తే ఐ. తెలుగు అక్షరాలతోనూ ఇది నడుస్తుంది. యూనికోడ్‌లో ‘క’ 3093, ‘ఖ’ 3094, అలా వర్గాల వరసలోనే ఉన్నాయి. ‘న’ దగ్గర మాత్రం కాలు జారుతుంది. ‘న’ 3112, ‘ప’ 3114. మధ్యలో 3113కు తెలుగులో ఏ అక్షరమూ లేదు. భారతీయ లిపులన్నిటికీ ఒకే పటం గీసినప్పుడు దేవనాగరిలో అక్కడున్న అక్షరానికి జోడు తెలుగులో లేక ఖాళీ మిగిలిపోయింది. ‘న’కు ఒకటి కలిపితే తెరమీద వచ్చేది ఉత్త డబ్బా.

ఇప్పటిదాకా చెప్పిన గడులు స్క్రిప్టు ముగిసినా ఉండేవి. ఎంఐఆర్‌సీ వాటిని ఒక ఫైలులో రాసుకుంటుంది కాబట్టి కంప్యూటర్ ఆపి మర్నాడు తెరిచినా మార్కులు అలాగే ఉంటాయి. గడి ఒక్క పనికి ఉంటే చాలనుకుంటే ‘వార్’ అని తాత్కాలిక గడి తెరవాలి. ఆ పని అవ్వగానే అది మాయమవుతుంది. ఒకే పనిని పదిసార్లు చేయించే లూపుల్లో వాడేది దీన్నే. మొదట 1 పెట్టి, 10 దాటనంతసేపూ పని చేసి, ప్రతి చుట్టు చివరా ఇంక్ చెయ్యాలి. ఆ ఇంక్ మరిచిపోతే అంకె 1 దగ్గరే ఉంటుంది, చుట్టు ఎన్నటికీ ఆగదు, కిటికీ బిగుసుకుపోతుంది. కంట్రోల్, బ్రేక్ మీటలు కలిపి నొక్కి బయటపడాలి. స్క్రిప్టులు రాసిన ప్రతివాడి వేళ్లకూ ఆ రెండు మీటలు కంఠతా వచ్చి ఉంటాయి. ఇటు తాత్కాలిక గడి వాడాల్సిన చోట శాశ్వత గడి వాడితే ఫైలు నిండా దిక్కులేని గడులు పోగుపడతాయి. ‘అన్‌సెట్ %మార్కు.*’ అని నక్షత్రం పెడితే ఆ పేరుతో మొదలైనవన్నీ ఒక్క దెబ్బకు పోతాయి.

గడులు వేలకొద్దీ పెరిగితే వాటన్నిటికీ కలిపి ఒక పెద్ద పట్టిక కట్టుకోవచ్చు. దాన్ని హ్యాష్ టేబుల్ అంటారు. అందులో ఒకటి కలపడానికి ‘హెచ్‌ఇంక్’ ఉంది. ఇది వేగంగా నడుస్తుంది, బ్రాకెట్ల బాధ కూడా ఉండదు. కాకపోతే పట్టికను ఫైలులోకి ఎక్కించే పని రాసినవాడే చూసుకోవాలి.

ఇతర చాట్ ప్రోగ్రాముల్లోనూ ఇదే పని వేరే యాసలో జరుగుతుంది. ఎగ్‌డ్రాప్ అనేది పాత ఐఆర్‌సీ బాట్, అంటే మనిషి బదులు గదిలో ఉండి పనిచేసే ప్రోగ్రాము. దాని స్క్రిప్టులు టీసీఎల్ భాషలో రాస్తారు, అందులో ఆదేశం ‘ఇంక్ర్’. లేని గడికి ఒకటి కలపబోతే టీసీఎల్ చాలా ఏళ్లు తప్పు అని ఆగిపోయేది. 2007లో వచ్చిన 8.5 వెర్షన్ నుంచి అదీ ఎంఐఆర్‌సీ దారిలోకొచ్చి సున్నా ఉందనుకుంటోంది. సీ భాషలో ఒకటి కలపడానికి రెండు ప్లస్ గుర్తులు. సీ ప్లస్ ప్లస్ అన్న భాష పేరులో ఉన్నవి అవే. ఐఆర్‌సీ గదుల్లో మనుషులే ఈ గుర్తును మాటల్లోకి తెచ్చుకున్నారు. ఎవరైనా మంచి జవాబిస్తే వాళ్ల పేరు పక్కన రెండు ప్లస్‌లు కొడితే చాలు, బాట్ వాళ్ల ఖాతాలో ఒకటి కలుపుతుంది. ఆ ఖాతాకు పెట్టిన పేరు కర్మ. పుణ్యం పెరిగితే ఇంక్, పాపం పెరిగితే డెక్. మన మాటే అటు వెళ్లి బాట్‌లో చేరింది.

లెక్కను ఇద్దరు పట్టుకున్నప్పుడు ఏమవుతుందన్నది మిగిలింది. ఒకే రిజిస్టరు ముందు ఇద్దరు గుమాస్తాలు కూర్చుని, ఇద్దరూ ఒకేసారి 40 చూసి, ఇద్దరూ 41 అని రాస్తే ఒక మనిషి లెక్కలోంచి జారిపోతాడు. ఎంఐఆర్‌సీలో ఈ ప్రమాదం లేదు. అది వచ్చిన సంఘటనలను ఒకదాని తర్వాత ఒకటిగా చూస్తుంది, ఒక ఇంక్ పూర్తయ్యాకే రెండోది అందుకుంటుంది. ఒకే ఛానెల్లో ఒకే క్విజ్‌ను ఇద్దరు తమ తమ కంప్యూటర్లలో నడిపితే మాత్రం గుమాస్తాల కథ వేరే రూపంలో వస్తుంది. ఇద్దరి ఫైళ్లూ వేరు, మార్కులూ వేరు, ఒకే జవాబుకు రెండు ప్రకటనలు. నేటి చాట్ బాట్‌లు లెక్కను డేటాబేస్‌లో ఉంచి, చదవడం, కలపడం, రాయడం మూడింటినీ మధ్యలో ఎవరూ దూరకుండా ఒకే ఆదేశంగా పంపుతాయి. ఆ ఆదేశంలోనూ ఉండేది అదే పాత వరస: లెక్క = లెక్క + 1.